ఒంట్లో పేరుకుపోయే తీపి బాకీ
ఆహారంతో, నడకతో రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచుకొనే మార్గాలు

మా శాఖ పరిధిలోని ఒక డెల్టా గ్రామంలో ఒక రైతు ఉన్నారు. వయస్సు యాభై మూడు. ఆరు ఎకరాల మాగాణి, రెండు పాడి గేదెలు. పదకొండేళ్ళుగా పంట ఋణం తీసుకొంటున్నా ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు. మేము అప్పు అడగడానికి వెళ్ళే గ్రామంలో ఆయన ఇంటికి మాత్రం మజ్జిగ తాగడానికి వెళ్ళేవాళ్ళం. అటువంటి ఆయన పేరు ఒక ఏడాది గడువు మీరిన ఖాతాల జాబితాలో కనిపించింది. పొరపాటేమోనని లెడ్జరు మళ్ళీ చూసుకొని మరీ ఇంటికి వెళ్ళాను.

ఆయన మంచం మీద ఉన్నారు. ఎడమ పాదానికి కట్టు. కోతలైన చేలో చెప్పులు లేకుండా నడుస్తుండగా వరి కొయ్యకాలు గుచ్చుకొన్నదట. నొప్పి తెలియలేదు. పది, పదిహేను రోజులు పసుపు అద్దుకొంటూ ఊరుకొన్నారు. వాపు, వాసన మొదలైన తరువాత పట్నంలో చూపిస్తే రక్తంలో చక్కెర 340 ఉన్నది. రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆసుపత్రి ఖర్చుకు ఒక గేదెను అమ్మారు, చేబదులు తెచ్చారు. పంట డబ్బు అటే పోయింది. సకాలంలో చెల్లించేవారికి లభించే 3 శాతం వడ్డీ ప్రోత్సాహకం కూడా చేజారింది.

"బాబూ, నాకు చక్కెర జబ్బున్నదని నాకే తెలియదు. తెలిస్తే చెప్పులేసుకొని నడిచేవాడినిగా" అన్నారాయన. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

ఆ తరువాత కొన్ని నెలలకు మా శాఖ ఆవరణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది పరీక్షా శిబిరం పెట్టారు. పదిమందికి ధైర్యం చెప్పడం కోసం ముందుగా నా వేలే చాచాను. పరగడుపున 116 వచ్చింది. నా వయస్సు ముప్ఫై ఆరు. రోజంతా మోటారు సైకిలు మీద తిరుగుతాను గనుక ఆరోగ్యంగా ఉన్నాననే నా నమ్మకం. తిరిగేది బండి, నేను కాదు అన్న సంగతి ఆనాడు గ్రహించాను. విజ్ఞానశాస్త్రం చదివినవాడిని గనుక విషయాన్ని శ్రద్ధగా తెలుసుకొన్నాను. వైద్యుల సలహాతో ఆచరించి చూశాను. అందులో రైతు సోదరులకు, డీలరు మిత్రులకు ఉపకరించగల అంశాలను ఇక్కడ వివరిస్తున్నాను.

పల్లెకూ వచ్చిన పట్నపు జబ్బు

మధుమేహం కలవారి జబ్బనీ, కష్టపడేవారి దరిచేరదనీ మనలో ఒక అభిప్రాయం ఉన్నది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగి, 2023లో ప్రకటించబడిన సర్వే ఈ అభిప్రాయాన్ని తారుమారు చేసింది. ఆ సర్వే అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నది. మరో 13.6 కోట్లమంది దాని వాకిట నిలబడి ఉన్నారు. మధుమేహం పట్టణాలలో 16.4 శాతం, గ్రామాలలో 8.9 శాతం. కాని వాకిట నిలబడినవారి సంఖ్య పట్టణాలలో 15.4 శాతం కాగా గ్రామాలలో 15.2 శాతం. అంటే రాబోయే పంట విషయంలో పల్లెకూ పట్నానికీ తేడా దాదాపు లేదు.

కారణాలు మన కళ్ళ ఎదుటనే ఉన్నాయి. దుక్కి ట్రాక్టరుది, కోత యంత్రానిది, నీరు మోటారుది, ప్రయాణం బండిది. పని తగ్గినా పళ్ళెంలోని అన్నం తగ్గలేదు. దంపుడు బియ్యం పోయి తెల్లగా పాలిషు పట్టిన బియ్యం వచ్చింది. జొన్న, సజ్జ, కొర్ర వంటింటి నుండి తప్పుకొన్నాయి. అంగడిలో శీతల పానీయం, బిస్కట్టు పొట్లం అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

తూము తుప్పు పట్టిన కాలువ

మనం తిన్న అన్నం, రొట్టె, పండు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. దానిని కండరాలలోకి, ఇతర కణాలలోకి చేర్చడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్ అనే స్రావాన్ని విడుదల చేస్తుంది. దీనిని డెల్టా రైతుకు చెప్పవలసివస్తే ఇట్లా చెప్పవచ్చు. రక్తం కాలువ, గ్లూకోజు నీరు, కణం చేను, ఇన్సులిన్ తూము తలుపు ఎత్తే లస్కరు. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి, శ్రమ తగ్గినప్పుడు తూము తుప్పు పడుతుంది. లస్కరు ఎంత లాగినా తలుపు సరిగా లేవదు. క్లోమం మరింత ఇన్సులిన్‌ను పంపుతుంది. కొన్నేళ్ళకు అదీ అలసిపోతుంది. కాలువ నిండుగా పారుతూ ఉంటుంది, చేను మాత్రం ఎండుతుంది. అందుకే ఒంట్లో చక్కెర నిండా ఉన్నవారికి నీరసం వస్తుంది.

ఆ నిండు ప్రవాహం ఏళ్ళ తరబడి సాగితే గట్లు కోసుకుపోతాయి. కంటిలోని, మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. పాదాలలోని నరాలు మొద్దుబారుతాయి. గుండెపోటుకు, పక్షవాతానికి అవకాశం పెరుగుతుంది. మన రైతుకు కొయ్యకాలు గుచ్చుకొన్నా తెలియకపోవడానికి కారణం ఈ మొద్దుబారడమే.

అతి దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం, పుండ్లు త్వరగా మానకపోవడం ఈ వ్యాధి లక్షణాలు. అయితే చాలామందిలో ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనిపించదు. కనుక పరీక్ష ఒక్కటే మార్గం. పరగడుపున చేసిన పరీక్షలో 100 లోపు ఉంటే మామూలు. 100 నుండి 125 వరకు ఉంటే వాకిట నిలబడినట్లు. 126 గాని అంతకు పైన గాని ఉండి, మరోసారి చేసిన పరీక్షలోనూ అట్లాగే వస్తే మధుమేహం. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 లోపు మామూలు, 5.7 నుండి 6.4 వరకు హెచ్చరిక, 6.5 గాని ఆపైన గాని ఉంటే వ్యాధి. ముప్ఫై ఏళ్ళు నిండినవారికి రక్తంలో చక్కెర పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా చేస్తారు. మీ గ్రామపు ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతారు.

అన్నం మానవద్దు, కుప్ప తగ్గించండి

అన్నం మానమంటే మన ప్రాంతంలో ఎవరూ వినరు, వినవలసిన అవసరమూ లేదు. బియ్యంలో నూటికి 78 పాళ్ళ వరకు పిండిపదార్థమే. కనుక చూడవలసింది పరిమాణం. పళ్ళేన్ని నాలుగు మడులుగా ఊహించుకోండి. రెండు మడులలో కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. ఒక మడిలో పప్పు, శనగలు, అలసందలు, గ్రుడ్డు, చేప వంటివి ఉండాలి. అన్నానికి గాని రొట్టెకు గాని మిగిలిన ఒక్క మడి. ఇప్పుడు మన పళ్ళెంలో మూడు మడులు అన్నానివే, అంచున గరిటెడు కూర. ఈ నిష్పత్తిని తిరగవేయడమే మొదటి మెట్టు. దుంపకూరలను మాత్రం కూరగాయల మడిలో గాక అన్నపు మడిలో లెక్కించాలి.

తినే వరుస కూడా పనిచేస్తుంది. ముందుగా కూర, పప్పు కొంత తిని, ఆ తరువాత అన్నం కలుపుకొంటే గ్లూకోజు రక్తంలోకి ఒక్కసారిగా గాక నెమ్మదిగా చేరుతుంది. పీచుపదార్థం, మాంసకృత్తులు అందుకు తోడ్పడతాయి. ఇందుకు పైసా ఖర్చు లేదు. మా ఇంట్లో ఇప్పుడు తోటకూర పప్పు ముందు, అన్నం వెనుక.

బియ్యపు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలతను గ్లైసీమిక్ సూచిక అంటారు. 55 లోపు ఉంటే తక్కువ, 70 గాని ఆపైన గాని ఉంటే ఎక్కువ. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు రూపొందించి, 2015లో విడుదలైన ఆర్.ఎన్.ఆర్. 15048, అనగా తెలంగాణ సోనా, ఈ సూచిక తక్కువగా గల సన్నరకం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., భారత వరి పరిశోధనా సంస్థ కలిసి రూపొందించిన మెరుగుపరచిన సాంబ మసూరి సూచిక 51 వద్ద ఉన్నది. ఈ రెండవ రకం బాక్టీరియా ఆకు ఎండు తెగులును కూడా తట్టుకొంటుంది. విత్తన డీలరు మిత్రులు ఈ రకాలను రైతుకు పరిచయం చేసేటప్పుడు దిగుబడితో పాటు ఈ గుణాన్నీ చెప్పవచ్చు. అయితే ఒక హెచ్చరిక. సూచిక తక్కువ గదా అని రెండింతలు తింటే ఫలితం సున్న. మంచి రకం కూడా ఒక మడిలోనే ఉండాలి.

చిరుధాన్యాలు: నిజమెంత?

ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. అప్పటినుండి కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రల పేరు ఊరూరా వినిపిస్తున్నది. వీటిలో పీచు, ఖనిజ లవణాలు పాలిషు బియ్యం కంటే ఎక్కువ. రోజుకు ఒక పూట అన్నానికి బదులు జొన్నరొట్టె గాని కొర్రన్నం గాని తీసుకోవడం శ్రేయస్కరం. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో కొర్రన్నం మన తాతలకు కొత్తవి కావు.

కాని చిరుధాన్యమనగానే ఎంతైనా తినవచ్చునని భావించరాదు. వీటిలోనూ అధికభాగం పిండిపదార్థమే. మెత్తని రాగిపిండిని పలుచగా కాచి, బెల్లం వేసి తాగే జావ చక్కెరను వేగంగానే పెంచుతుంది. ధాన్యాన్ని ఎంత మెత్తగా విసిరితే, ఎంత పలుచగా ఉడికిస్తే అంత త్వరగా అది గ్లూకోజు అవుతుంది. కనుక గింజను గింజగా, పిండిని బరకగా, పక్కన పప్పు, కూరతో తినాలి. చిరుధాన్యాలకు కూడా పాలిషు పట్టి తెల్లగా అమ్ముతున్నారు. తవుడు పోయిన కొర్ర పేరుకు మాత్రమే కొర్ర.

బెల్లం, తేనె, టీ లెక్క

చెరకు పండించే ప్రాంతాలలో నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "చక్కెర మానేశాను, బెల్లం వాడుతున్నాను, మంచిదే గదా?" అని. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నమాట నిజమే. కాని అందులో అధికభాగం చక్కెరలో ఉన్న సుక్రోజే. తేనెలోనూ చక్కెరలే. రక్తం దృష్టిలో మూడూ ఒకే ఊరివి. బెల్లం రైతుకు ఈ మాట కష్టంగా తోచవచ్చు. అయినా అమ్ముకొనే సరుకు వేరు, తన రక్తం లెక్క వేరు.

బ్యాంకు ఉద్యోగిగా నేను వేసుకొన్న లెక్క ఒకటి చెబుతాను. గ్రామాలు తిరిగేటప్పుడు ప్రతి ఇంటా, ప్రతి దుకాణంలో మర్యాదకు ఇచ్చే టీ కాదనలేక రోజుకు ఏడు టీలు తాగేవాడిని. టీకి రెండు చెంచాలు, చెంచాకు సుమారు 4 గ్రాములు. రోజుకు 56 గ్రాములు, నెలకు 1 కిలో 680 గ్రాములు, ఏడాదికి 20 కిలోలకు పైచిలుకు. సంచిలో తూచి ఇంటికి పంపితే గాని నమ్మలేని మొత్తమది. అదనంగా కలుపుకొనే చక్కెరలు రోజుకు 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల సారాంశం. ఇప్పుడు రోజుకు రెండే టీలు, అవీ చక్కెర లేకుండా. మిగిలినచోట "ఉప్పు మజ్జిగ ఇప్పించండి" అంటున్నాను. ఎవరూ నొచ్చుకోలేదు సరికదా, కొందరు తామూ మజ్జిగకే మళ్ళారు. డీలరు మిత్రులారా, మీ కౌంటరు వద్దకు వచ్చే ప్రతి రైతుతోనూ మీరూ ఒక టీ తాగుతున్నట్లయితే ఈ లెక్క ఒకసారి మీ పుస్తకంలోనూ వేసి చూడండి.

పండ్ల విషయంలో భయం అక్కరలేదు. జామ, బొప్పాయి, నేరేడు వంటివి మితంగా తినవచ్చు. రసం తీయకుండా పండుగానే తినాలి. మామిడి కాలంలో అన్నం మీద మామిడిపండు గాక, అన్నం తగ్గించుకొని రెండు ముక్కలు తినడం నేర్చుకోవాలి.

మెంతులు, కాకర, పసరు మందులు

మెంతులపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990 ప్రాంతాలలోనే పరిశోధనలు జరిపారు. మెంతులలోని పీచు గ్లూకోజు రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుందని గుర్తించారు. రాత్రి నానవేసిన మెంతులు ఉదయం తినడం, మెంతికూర పప్పు తరచు వండుకోవడం మంచిదే. కాకరకాయ కూర కూడా మంచి ఆహారమే. అయితే ఇవి ఆహారంలో భాగమే గాని మందుకు బదులు కావు.

సంతలలో, బస్టాండులలో "నలభై రోజులలో చక్కెర జబ్బు మాయం" అని పొడులు, పసర్లు అమ్ముతుంటారు. అటువంటి పొట్లాలలో ఇంగ్లీషు మందులు పొడిచేసి కలిపిన ఉదంతాలున్నాయి. ఏది ఎంత కలిపారో తెలియని పొట్లం, ముద్ర లేని పురుగుమందు డబ్బా వంటిది. దానిని చేనుకే కొట్టని రైతు తన ఒంట్లోకి ఎట్లా తీసుకొంటాడు?

నడక: వడ్డీ లేని పెట్టుబడి

కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకొంటుంది. తుప్పు పట్టిన తూమును దాటి నీరు పారించే పక్కకాలువ ఇది. క్రమంగా చేస్తే తూము తుప్పు కూడా వదులుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక అవసరం. భోజనమైన తరువాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట చక్కెర పెరుగుదల తగ్గుతుంది. కండరాల బలం పెంచే పనులూ వారానికి రెండుసార్లు ఉండాలి.

"పొలం పని చేస్తూనే ఉన్నాం గదా, మళ్ళీ నడకెందుకు?" అని రైతులు అడుగుతారు. నాట్లు, కోతల రోజులలో సరే. మిగిలిన నెలలలో పని గట్టు మీద నిలబడి మోటారు వేయడం వరకే ఉంటున్నది. శరీరం మాత్రం రోజువారీ లెక్క రాసుకొంటుంది, సాలుసరి లెక్క కాదు. డీలరు మిత్రులు ఉదయం నుండి రాత్రి వరకు గల్లాపెట్టె ముందు కూర్చొని ఉంటారు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం, గోడౌనుకు కుర్రవానిని పంపకుండా తామే వెళ్ళడం మంచి అలవాటు.

ఇది ఒట్టి ఉపదేశం కాదనడానికి మన దేశపు నిదర్శనమే ఉన్నది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం వ్యాధి వాకిట నిలబడిన 531 మందిపై అధ్యయనం జరిపి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మూడేళ్ళలో మామూలు సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, వ్యాయామం క్రమంగా పాటించినవారిలో అది 39 శాతానికి తగ్గింది. మాత్ర వాడినవారిలోనూ ఇంచుమించు ఇంతే తగ్గుదల కనిపించింది. అంటే వాకిట ఉన్నవారికి నడక, పళ్ళెం కలిసి ఒక మాత్రతో సమానంగా పనిచేశాయి. అదే సమయంలో పాటించినా కొందరికి వ్యాధి వచ్చింది. కనుక పాటించడమూ మానరాదు, పరీక్షలూ మానరాదు.

వీటితో పాటు పొట్ట చుట్టుకొలత తగ్గించుకోవాలి. అధిక బరువున్నవారు నూటికి అయిదు నుండి ఏడు పాళ్ళు తగ్గినా గణనీయమైన మేలు కలుగుతుంది. రాత్రి ఏడు గంటల నిద్ర అవసరం. చుట్ట, బీడీ, గుట్కా పూర్తిగా మానాలి. పాదాలకు రక్తం అందించే నాళాలను పొగాకు మరింత పాడుచేస్తుంది.

మరువరాని జాగ్రత్తలు

మొదటిది, ఇప్పటికే మందులు వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి వాటిని మానరాదు. ఆహారం తగ్గించి, మందు అదే మోతాదులో వేసుకొంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆహారంలో పెద్ద మార్పు చేసేముందు, ఉపవాసాలకు ముందు వైద్యునికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. చిన్నవయస్సులో ఇన్సులిన్ మీద ఆధారపడిన పిల్లలకు ఇన్సులిన్ ఒక్కపూట కూడా ఆపరాదు. గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమకు ప్రత్యేకంగా చెప్పిన ఆహారాన్నే పాటించాలి.

రెండవది, చక్కెర పడిపోయినప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం కలుగుతాయి. మందు పిచికారీ చేసేటప్పుడు ఇవి కనిపిస్తే పురుగుమందు ప్రభావమా, చక్కెర పడిపోయిందా అన్న అనుమానం వస్తుంది. రెండూ అపాయమే. వెంటనే పని ఆపి, చేతులు కడుక్కొని, స్పృహలో ఉంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే మధుమేహం ఉన్నవారు ఒంటరిగా, ఖాళీ కడుపుతో పిచికారీకి వెళ్ళరాదు.

మూడవది, పాదాలు. పొలంలో చెప్పులు గాని బూట్లు గాని తప్పనిసరి. ప్రతి రాత్రి కాళ్ళు కడుక్కొని, వ్రేళ్ళ సందులు ఆరేటట్లు తుడిచి, అరికాళ్ళను దీపం వెలుతురులో ఇంటివారికి చూపించాలి. చిన్న గాయమైనా రెండు రోజులలో మానకపోతే డాక్టరుకు చూపించాలి.

చివరగా

ఆరు నెలల తరువాత నా పరగడుపు చక్కెర 103కు వచ్చింది. ఇంకా గీత దాటలేదు, అయినా దారిలో ఉన్నాను. నాలుగు కిలోల బరువు తగ్గింది. మన రైతు మాత్రలు వాడుతూ, ఒక పూట జొన్నరొట్టె తింటూ, రబ్బరు బూట్లతో పొలానికి వెళ్తున్నారు. దాళ్వా పంటతో పాత బాకీ తీర్చి ఖాతాను మళ్ళీ క్రమంలోకి తెచ్చుకొన్నారు. పోయిన రెండు వేళ్ళు మాత్రం ఏ పంటతోనూ తిరిగి రావు.

బాకీ ఎంత పాతబడితే తీర్చడం అంత కష్టమని మీకు చెప్పడం మా ఉద్యోగం. చక్కెర విషయంలోనూ అంతే. ఈ బాకీకి నోటీసు రాదు, వాయిదాలూ ఉండవు. ఈ సంచిక మీ చేతికి అందిన వారంలోనే మీరు, మీ ఇంటి ఇల్లాలు, ముప్ఫై దాటిన మీ పిల్లలు ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఈసారి నేను మీ ఊరు వచ్చినప్పుడు పంట ఎట్లా ఉన్నదని అడిగిన తరువాత, మీ అంకె ఎంత అని కూడా అడుగుతాను. నా అంకె ముందుగా నేనే చెబుతాను.